షార్ట్‌వేవ్ రేడియో యాప్: స్టేషన్ వెతకడానికి భేష్, లైను తెగితే ఎంపీవీయే దిక్కు

లినక్స్ డెస్క్‌టాప్‌లో నెట్ రేడియో వినాలనుకునేవాళ్ళు షార్ట్‌వేవ్ నిస్సంకోచంగా వేసుకోవచ్చు. తెలుగు స్టేషన్లు వెతికి పట్టుకోవడానికి ఇంతకన్నా సుఖమైన యాప్ మాకు కనబడలేదు. అయితే పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా రేడియో మోగుతూనే ఉండే ఇంటికి అదొక్కటే చాలదు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కరెంటు రెప్పపాటు పోయి వస్తుంటుంది. ఆ రెప్పపాటుకే రౌటర్ ఆరిపోతుంది. మళ్ళీ లేచి లైను పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. పాత రేడియో సెట్టుకి ఈ బాధ లేదు, మీట తిప్పి ఉంటే కరెంటు రాగానే దానంతట అదే పాడేది. నెట్ రేడియోకి ఆ బుద్ధి మనమే నేర్పాలి. అందుకని ఇక్కడ షార్ట్‌వేవ్‌ని ముఖ్యంగా చూస్తూనే, పక్కన వీఎల్‌సీ, ఎంపీవీ, రిథమ్‌బాక్స్ అనే మరో మూడు ప్లేయర్లు పెట్టుకుని పాట ఆగినప్పుడు ఏది ఏం చేస్తుందో చూశాం.

వాడిన కంప్యూటర్ ఖరీదైనదేం కాదు. ఆఫీసుల నుంచి దిగిన సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్, లినక్స్ మింట్ 22, దాని సిన్నమన్ డెస్క్‌టాప్. నెట్టు కేబుల్ ఆపరేటర్ ఇచ్చే ఫైబర్, అది లేనప్పుడు ఫోన్ హాట్‌స్పాట్. ఉబుంటు వాడేవాళ్ళకీ ఇందులో చాలామటుకు అలాగే వర్తిస్తుంది.

అసలు రేడియో సెట్టుండగా కంప్యూటర్ ఎందుకంటే, మీడియం వేవ్ ఇప్పుడు ఇళ్ళలో బతకడం లేదు. ఎల్‌ఈడీ బల్బు, ఇన్వర్టర్, ఫోన్ చార్జర్ పక్కనుంటే గరగర తప్ప ఇంకేం రాదు. కంప్యూటర్ పవర్ సప్లై కూడా ఆ గరగరకి తన వంతు కలుపుతుంది. 1963లో మొదలైన విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రాన్ని చిన్నప్పటి నుంచీ వింటున్న పెద్దవాళ్ళకి ఆ గొంతు మళ్ళీ శుభ్రంగా వినిపించాలంటే నెట్టే దారి.

షార్ట్‌వేవ్ సంగతి

మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో పేరు కొడితే ఫ్లాట్‌పాక్ (తనకి కావలసినవన్నీ తనతో తెచ్చుకునే ప్యాకేజీ) రూపంలో దొరుకుతుంది. యాప్ చిన్నదే. కానీ దాని వెనక గ్నోమ్ రన్‌టైమ్ (యాప్ నడవడానికి కావలసిన సరంజామా) కొన్ని వందల మెగాబైట్లు దిగుతుంది. ఫోన్ డేటా మీద ఈ పని పెట్టుకోవద్దు. ఒకసారి దిగాక రోజువారీ ఖర్చు పాట బరువే: 64 కేబీపీఎస్ స్టేషన్ గంటకి దాదాపు 29 ఎంబీ, 128 కేబీపీఎస్ అయితే దాదాపు 58 ఎంబీ తీసుకుంటుంది. హాట్‌స్పాట్ మీద రోజుకి నాలుగు గంటలు 128లో వింటే 230 ఎంబీ.

స్టేషన్ల జాబితా షార్ట్‌వేవ్ సొంతం కాదు. రేడియో బ్రౌజర్ అనే ఉమ్మడి డేటాబేస్‌లోంచి తీసుకుంటుంది. అందులో స్టేషన్లు చేర్చేది వినేవాళ్ళే. దీని మంచీ చెడూ రెండూ అక్కడే ఉన్నాయి. ఏ మూల ఉన్న తెలుగు స్టేషన్ అయినా ఎవరో ఒకరు చేర్చే ఉంటారు. అదే స్టేషన్ రెండు మూడు పేర్లతో, రెండు మూడు అడ్రసులతో కూడా కనబడుతుంది, వాటిలో ఒకటి చచ్చిపోయి ఉంటుంది. మొదటిది పాడలేదని వదిలెయ్యకుండా కింద ఉన్నవి కూడా నొక్కి చూడండి. పాడినవాటిలో బిట్‌రేట్ (సెకనుకి వచ్చే డేటా, కేబీపీఎస్‌లో) ఎక్కువున్నదాన్ని లైబ్రరీలో పెట్టుకోండి. స్టేషన్ వివరాల్లో కోడెక్ (ధ్వనిని కుదించే పద్ధతి), బిట్‌రేట్ రాసి ఉంటాయి.

ఈ బిట్‌రేట్ దగ్గర ఒక మాట. వార్తలకి, కబుర్లకి 32 కేబీపీఎస్ సరిపోతుంది. కర్ణాటక సంగీతానికి సరిపోదు. 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు విజయనగరం, ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు పెంచిన చెవులు ఇక్కడివి. తక్కువ బిట్‌రేట్‌లో వచ్చే హెచ్‌ఈ-ఏఏసీ అనే కోడెక్ స్ట్రీమ్‌లో పై స్థాయి ధ్వనిని అసలు పంపరు. కింది ధ్వనిని చూసి, చిన్న సూచనల సాయంతో ప్లేయరే దాన్ని మళ్ళీ కల్పించుకుంటుంది. మాటల్లో ఆ తేడా పట్టుకోలేం. ఫిడేలు మీద కమాను మారే చోట, తాళం మోగే చోట మాత్రం ఇసక రాసుకున్నట్టు వినబడుతుంది. దానికి స్పీకర్లు మార్చి లాభం లేదు, అదే స్టేషన్ 96 లేదా 128లో ఉందేమో వెతకాలి. మొత్తం పాటే మూత వేసినట్టు మందంగా వస్తే ఇంకో కారణం ఉండొచ్చు: డీకోడర్ ఆ పై పొరని అర్థం చేసుకోక కింది సగమే పాడుతోంది. అదే అడ్రస్‌ని వీఎల్‌సీలో పెట్టి పోల్చి చూస్తే తేలిపోతుంది.

షార్ట్‌వేవ్‌కి ఉన్న పాటల రికార్డింగ్ బాగుంది, కానీ అది అన్ని స్టేషన్లలోనూ పని చెయ్యదు. స్టేషన్ పాట పేరు పంపిస్తేనే ఒక పాట ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో దానికి తెలుస్తుంది. పేరు పంపని స్టేషన్లో రికార్డింగ్ జాబితా ఖాళీగానే ఉంటుంది. అది యాప్ లోపం కాదు. కొత్త స్టేషన్ అడ్రస్‌ని మన ఒక్కరికోసం చేర్చుకునే వీలు కూడా ఉంది, మెనూలో లోకల్ స్టేషన్ అని ఉంటుంది.

పాట తెగడం: చిన్న తెగులు, పెద్ద తెగులు

ఇక అసలు పరీక్ష. పాట ఆగడంలో రెండు రకాలున్నాయి. రెండింటికీ మందు వేరు. ఒకటి, వైఫై నలిగో, లైను మీద రద్దీ పెరిగో రెండు మూడు సెకన్లు డేటా రాకపోవడం. దీనికి బఫర్, అంటే ముందే పోగేసుకున్న పాట నిలవ, ఉంటే చాలు. రెండోది, కరెంటు పోయి రౌటర్ మళ్ళీ లేవడం. దీనికి ఎంత బఫర్ ఉన్నా చాలదు, ప్లేయర్ తనంతట తాను మళ్ళీ సర్వర్ తలుపు తట్టాలి.

షార్ట్‌వేవ్‌లో బఫర్ ఎంత ఉండాలో చెప్పే సెట్టింగ్ మనకి కనబడదు. చిన్న తెగుళ్ళని తనకున్న దాంతో నెట్టుకొస్తుంది. రౌటర్ ఆరి లేచిన తర్వాత మాత్రం చాలాసార్లు మనం వెళ్ళి ప్లే నొక్కాల్సిందే. వంటింట్లో చేతులు పిండిలో ఉన్నవాళ్ళకి ఇది పెద్ద విషయం. షార్ట్‌వేవ్‌కి మేం మార్కులు కోసింది ఇక్కడే.

బఫర్ పెంచండి అని అందరూ చెప్తారు. పెంచినా ఎందుకు ఫలితం ఉండదో తెలుసుకోవాలి. చాలా స్టేషన్లు ఐస్‌కాస్ట్ సర్వర్ మీద నడుస్తాయి. మనం కనెక్ట్ కాగానే ఐస్‌కాస్ట్ ఒక్క గుక్కలో దాదాపు 64 కిలోబైట్లు పంపుతుంది, డిఫాల్టుగా అంతే. ఆ తర్వాత ప్రసారం ఎంత వేగంతో నడుస్తుందో అంతే వేగంతో ఇస్తుంది, ఒక్క సెకను కూడా ముందుకి ఇవ్వదు. అక్కడ ఇంకా మాట్లాడని మాటని పంపలేరు కదా. 128 కేబీపీఎస్ స్టేషన్‌కి ఆ 64 కిలోబైట్లు నాలుగు సెకన్ల పాట, 64 కేబీపీఎస్‌కి ఎనిమిది సెకన్లు. ప్లేయర్ కనెక్ట్ అయిన క్షణమే పాట మొదలుపెడితే మన దగ్గర నిలవ ఆ నాలుగు సెకన్లే. బఫర్ సైజు 100 ఎంబీకి పెంచినా నిలవ పెరగదు, నింపడానికి సరుకు లేదు. నిలవ కావాలంటే పాట ఆలస్యంగా మొదలవ్వాలి. అందుకని చూడాల్సింది బఫర్ సైజుని కాదు, మొదలయ్యే ముందు ఎంతసేపు ఆగాలన్న సెట్టింగుని.

వీఎల్‌సీలో ఇది తేలిక. మీడియా మెనూలో ఓపెన్ నెట్‌వర్క్ స్ట్రీమ్‌కి వెళ్ళి, అడ్రస్ పెట్టి, కింద షో మోర్ ఆప్షన్స్ టిక్ చేస్తే క్యాషింగ్ అన్న గడి వస్తుంది. వీఎల్‌సీ 3లో అది 1000 మిల్లీసెకన్లు, అంటే ఒక్క సెకను. మన లైన్లకి 8000 నుంచి 10000 పెట్టండి. ఎప్పటికీ అలాగే ఉండాలంటే ప్రిఫరెన్సెస్ అడుగున షో సెట్టింగ్స్ దగ్గర ఆల్ ఎంచుకుని, ఇన్‌పుట్ కోడెక్స్ పేజీలో నెట్‌వర్క్ క్యాషింగ్ మార్చాలి. అక్కడే యాక్సెస్ మాడ్యూల్స్‌లో హెచ్‌టీటీపీ కింద ఆటో రీకనెక్ట్ అని ఒక గడి ఉంటుంది. మామూలుగా అది ఖాళీగా ఉంటుంది, టిక్ చెయ్యండి. చిన్న తెగుళ్ళకి అది పనికొస్తుంది. రౌటర్ మూడు నిమిషాలు లేకపోతే వీఎల్‌సీ కూడా చేతులెత్తేస్తుంది.

ఎంపీవీ చేతులెత్తదు, కాకపోతే దానికి ముందుగా చెప్పి ఉంచాలి. మింట్‌లో ఇదివరకే ఉండే సెల్యులాయిడ్ వీడియో ప్లేయర్ కడుపులో ఉన్నది ఎంపీవీయే. అయినా రేడియోకి ఎంపీవీని విడిగా సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి వేసుకోవడం మంచిది. హోమ్ ఫోల్డర్లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాచిన ఫోల్డర్లు కనబడతాయి. డాట్ కాన్ఫిగ్ లోపల ఎంపీవీ ఫోల్డర్, అందులో ఎంపీవీ డాట్ కాన్ఫ్ ఫైలు (.config/mpv/mpv.conf). లేకపోతే చేసుకోండి. అందులో ముందు స్క్వేర్ బ్రాకెట్లలో రేడియో అని ప్రొఫైల్ పేరు ([radio]) పెట్టి, దాని కింద ఒక్కో లైనులో ఒక్కోటి ఇవి రాయాలి. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా:

vid=no
cache=yes
cache-pause-initial=yes
cache-pause-wait=10
network-timeout=15
loop-playlist=force
stream-lavf-o=reconnect_streamed=1

మూడో, నాలుగో లైన్లు కలిసి పది సెకన్ల పాట పోగయ్యేదాకా ఆగమని చెప్తాయి. 128 స్టేషన్లో నాలుగు సెకన్లు సర్వర్ గుక్కలోనే వస్తుంది కాబట్టి మనం నిజంగా ఆగేది ఆరు సెకన్లే. మధ్యలో నిలవ అయిపోయినా మళ్ళీ పది సెకన్లు పోగేసుకునే మొదలుపెడుతుంది, ముక్కలు ముక్కలుగా పాడి ప్రాణం తియ్యదు. టైమవుట్ మామూలుగా 60 సెకన్లు, అంటే చచ్చిన కనెక్షన్‌ని నిమిషం పాటు పట్టుకుని కూర్చుంటుంది. 15 చాలు. అన్నిటికన్నా విలువైనది లూప్ లైను. ఫోర్స్ అని రాస్తే, అడ్రస్ తెరుచుకోకపోయినా దాన్ని పాడైనదిగా ముద్ర వేసి వదిలెయ్యకుండా మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. రౌటర్ లేవగానే పాట వచ్చేస్తుంది. చివరి లైను లైవ్ స్ట్రీమ్ తెగినచోట మళ్ళీ కలుపుకోమని చెప్తుంది, అందులో రెండు పదాల మధ్య ఉన్నది అండర్‌స్కోర్, అడ్డగీత కాదు.

వీటిని ప్రొఫైల్ లోపల కాక ఫైలు మొదట్లో రాస్తే వీడియోలు కూడా బొమ్మ లేకుండా, అంతం లేకుండా తిరుగుతాయి. స్క్వేర్ బ్రాకెట్ల లైను మర్చిపోవద్దన్నది అందుకే.

తర్వాత డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి కొత్త లాంచర్ తయారుచెయ్యండి. కమాండ్ గడిలో ఎంపీవీ, ఖాళీ, రెండు అడ్డగీతలు, ప్రొఫైల్=రేడియో, ఖాళీ, కోట్స్ మధ్య స్టేషన్ అడ్రస్ (mpv --profile=radio "అడ్రస్"). టెర్మినల్లో నడపమనే టిక్ పెట్టండి, లేకపోతే కిటికీ లేకుండా పాడుతూ ఉంటుంది, ఆపే దారి దొరకదు. ఆ టెర్మినల్ కిటికీలో 9 నొక్కితే గొంతు తగ్గుతుంది, 0 నొక్కితే పెరుగుతుంది, క్యూ నొక్కితే ఆగిపోతుంది. ఒక్కో స్టేషన్‌కి ఒక్కో లాంచర్ చేసి, పేరు తెలుగులో పెడితే ఇంట్లో పెద్దవాళ్ళు కూడా ఎవర్నీ పిలవకుండా పెట్టుకుంటారు.

స్పేస్ నొక్కితే నిలిచే పద్ధతి ఎంపీవీలో ప్రత్యేకం. ఫోనొచ్చిందని ఆపారనుకోండి, అది వెనకాల పోగేస్తూనే ఉంటుంది. మళ్ళీ నొక్కితే ఆగిన చోటు నుంచే మొదలవుతుంది. డిఫాల్టుగా ఉన్న 150 ఎంబీ జాగా 128 స్టేషన్‌కి చాలాసేపు సరిపోతుంది. కథానిక మధ్యలో ఎవరైనా వస్తే ఇది వరం. నేరుగా ప్రసారం కావాలంటే మాత్రం ఆపి కొత్తగా పెట్టాలి.

పాడుతోంది కానీ వినబడదు

సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్‌లలో అన్నిటికన్నా ఎక్కువగా కనబడే ఫిర్యాదు ఇదే. దీనికి నెట్టుతో సంబంధమే లేదు. పావు-కంట్రోల్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకోండి. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో పల్స్ ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అని ఉంటుంది. మింట్ 22లో శబ్దం నడిపేది పైప్‌వైర్ అయినా ఇది దానితో చక్కగా పని చేస్తుంది. ప్లేబ్యాక్ పేజీలో మీ రేడియో పేరు పక్కన గీత కదులుతుంటే, స్టేషన్, నెట్టు, కోడెక్ మూడూ బాగున్నట్టే. శబ్దం తప్పు దారిలో పోతోందంతే.

ఆ తప్పు దారి ఎక్కువగా హెచ్‌డీఎంఐ లేదా డిస్‌ప్లే పోర్ట్. స్పీకర్లు లేని మానిటర్‌కి కూడా శబ్దం పంపి ఊరుకుంటుంది. కాన్ఫిగరేషన్ పేజీలో హెచ్‌డీఎంఐ ఉన్న కార్డుని ఆఫ్ చెయ్యండి, అప్పుడు రీస్టార్ట్ అయినప్పుడు అటు పోదు. అవుట్‌పుట్ పేజీలో పోర్ట్ ముందు జాక్ మీద ఉందో, వెనక ఆకుపచ్చ జాక్ మీద ఉందో చూడండి. ముందు జాక్‌లో హెడ్‌ఫోన్ గుచ్చి వదిలేస్తే వెనక స్పీకర్ల నోరు మూసేసే ఆటో-మ్యూట్ కొన్ని బోర్డుల్లో ఉంటుంది. టెర్మినల్లో ఆల్సా-మిక్సర్ (alsamixer) తెరిచి, ఎఫ్6తో కార్డు ఎంచుకుని, ఆటో-మ్యూట్ మోడ్‌ని డిజేబుల్డ్ చేస్తే పోతుంది.

కంప్యూటర్ నిద్రలేచాక అన్ని యాప్‌లలోనూ శబ్దం పోతే, రీస్టార్ట్ చెయ్యక్కర్లేదు. టెర్మినల్లో సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌ని యూజర్ ఆప్షన్‌తో ఇచ్చి పైప్‌వైర్, పైప్‌వైర్-పల్స్, వైర్‌ప్లంబర్ మూడింటినీ రీస్టార్ట్ చేస్తే చాలు (systemctl --user restart pipewire pipewire-pulse wireplumber). సుడో వాడకూడదు, ఇవి మన లాగిన్ కింద నడిచేవి.

ప్రతి కార్యక్రమం మొదట్లో టప్‌మని చప్పుడొచ్చి మొదటి అక్షరం మింగేస్తుంటే సౌండ్ చిప్ కరెంటు ఆదా కోసం కునుకు తీస్తోందన్నమాట. ఈటీసీలో మోడ్‌ప్రోబ్-డాట్-డి ఫోల్డర్లో, కాన్ఫ్‌తో ముగిసే పేరుతో ఒక ఫైలు పెట్టి, ఎస్‌ఎన్‌డీ_హెచ్‌డీఏ_ఇంటెల్ మాడ్యూల్‌కి పవర్_సేవ్=0 అన్న ఆప్షన్ (options snd_hda_intel power_save=0) రాసి కంప్యూటర్ రీస్టార్ట్ చెయ్యండి.

అసలు తెరుచుకోకపోతే

ముందు అదే అడ్రస్‌ని ఫోన్ హాట్‌స్పాట్ మీద ప్రయత్నించండి. అక్కడ పాడి, కాలేజీ లేదా ఆఫీసు వైఫైలో పాడకపోతే 8000 లాంటి పోర్టులు అక్కడ మూసేసి ఉంటాయి. అడ్రస్ చివర కోలన్ తర్వాత అంకె ఉందేమో చూస్తే తెలుస్తుంది. మన కంప్యూటర్లో దానికి చేసేదేం లేదు.

షార్ట్‌వేవ్‌లో వెతికితే జాబితా మొత్తం ఖాళీగా వస్తోందనుకోండి, అదే సమయంలో వీఎల్‌సీలో సూటి అడ్రస్ పాడుతోందనుకోండి. తప్పు స్టేషన్‌ది కాదు, ఆ ఉమ్మడి డేటాబేస్‌కి దారి దొరకట్లేదు. ఎక్కువగా రౌటర్ ఇచ్చే డీఎన్ఎస్ (సైటు పేరుకి అడ్రస్ వెతికిపెట్టేది) మొరాయిస్తుంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఐపీవీ4 కింద డీఎన్ఎస్ ఆటోమేటిక్ తీసేసి 1.1.1.1 లేదా 8.8.8.8 పెట్టి చూడండి.

స్టేషన్ సైటులో పాడుతూ, జాబితాలోది పాడకపోతే అడ్రస్ మారిపోయినట్టు. కొత్తది పట్టుకోవడం కష్టమేం కాదు: ఫైర్‌ఫాక్స్‌లో ఆ పేజీ తెరిచి, ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ పేజీకి వెళ్ళి, అప్పుడు ప్లే నొక్కండి. వడపోత గడిలో ఎం3యూ8 అని కొట్టండి, ఏమీ రాకపోతే మీడియా ఎంచుకోండి. దొరికిన అడ్రస్ కాపీ చేసి వీఎల్‌సీలో పెట్టి చూడండి. అందులో ప్రశ్నార్థకం తర్వాత పొడవాటి తోక ఉంటే అది కొన్ని గంటల్లో కాలం చెల్లే టోకెన్ కావచ్చు. తోక కోసేసి ప్రయత్నించండి. తోక లేకుండా పాడకపోతే ఆ స్టేషన్‌ని బ్రౌజర్లోనే వినాలి. దీనికి తిరగబడిన కేసు కూడా ఉంది: పాత హెచ్‌టీటీపీ స్ట్రీమ్‌లని సురక్షిత పేజీ లోపల పాడనివ్వడానికి బ్రౌజర్లు ఒప్పుకోవు, అవే వీఎల్‌సీలో హాయిగా పాడతాయి.

ఇక గడియారం. హెచ్‌టీటీపీఎస్ స్టేషన్లన్నీ ఒకేసారి మొరాయించి, హెచ్‌టీటీపీవి పాడుతుంటే మూల మీద తేదీ చూడండి. పాత బోర్డుల్లో సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ అయిపోతే ప్లగ్ తీసినప్పుడల్లా గడియారం వెనక్కి పోతుంది. తేదీ వెనకబడితే, స్టేషన్ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదని ప్లేయర్ అనుకుంటుంది. నెట్టు రాగానే సమయం సర్దుకోవాలంటే టెర్మినల్లో timedatectl set-ntp true అని ఒకసారి ఇవ్వాలి. బ్యాటరీ వాచీల షాపులో కూడా దొరుకుతుంది. ప్లగ్ తీసి, పాతది ఏ ముఖం పైకి ఉందో చూసుకుని మార్చండి.

కోడెక్‌ల దగ్గర చాలామంది ఒక పొరపాటు పడతారు. రిథమ్‌బాక్స్‌లో ఏఏసీ స్టేషన్ పాడకపోతే మింట్ మెనూలో మల్టీమీడియా కోడెక్స్ వేసుకుంటే పోతుంది, ఉబుంటులో అయితే ఉబుంటు రిస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్. కావలసింది రిథమ్‌బాక్స్ వాడే జీ-స్ట్రీమర్ అనే ఆడియో సరంజామాకి లిబ్‌ఎవీ ప్లగిన్, హెచ్‌ఎల్‌ఎస్ (అడ్రస్‌లో ఎం3యూ8 ఉన్న) స్టేషన్లకైతే జీ-స్ట్రీమర్ బ్యాడ్ ప్లగిన్లు కూడా. కానీ ఇదే మందు ఫ్లాట్‌పాక్ షార్ట్‌వేవ్‌కి పడదు. దాని కోడెక్‌లు దాని రన్‌టైమ్ లోపలే ఉంటాయి, సిస్టమ్‌లో ఎన్ని ప్లగిన్లు వేసినా వాటిని చూడదు. దానికి ఫ్లాట్‌పాక్ అప్‌డేట్ ఒక్కటే దారి. వీఎల్‌సీ, ఎంపీవీ జీ-స్ట్రీమర్ మీద ఆధారపడవు. అందుకే అనుమానం వచ్చినప్పుడల్లా వీఎల్‌సీలో పెట్టి చూడమంటున్నాం. అక్కడ కంట్రోల్, ఐ నొక్కితే కోడెక్ ఏమిటో, ఎన్ని బఫర్లు పోయాయో అంకెలతో సహా కనబడుతుంది.

రిథమ్‌బాక్స్ గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు. ఇదివరకే ఉంది, అడ్రస్ ఇస్తే పాడుతుంది. వెతుకులాటలో షార్ట్‌వేవ్‌కి, ఓపికలో ఎంపీవీకి సాటి రాదు.

నెట్టు వైపు చెయ్యాల్సినవి

వీలుంటే ల్యాన్ కేబుల్ లాగండి. లేదంటే, డెస్క్‌టాప్‌కి గుచ్చే యూఎస్‌బీ వైఫై డాంగిల్‌ని వెనక ఇనుప డబ్బాకి ఆనించకుండా మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో పైకి తీసుకోండి. ఉబుంటు, మింట్‌లలో వైఫై కరెంటు ఆదా మామూలుగా ఆన్‌లో ఉంటుంది. కొన్ని కార్డులు దానితో రెండు మూడు నిమిషాలకోసారి తడబడతాయి. ఈటీసీ, నెట్‌వర్క్‌మేనేజర్, కాన్ఫ్-డాట్-డి ఫోల్డర్లో పవర్‌సేవ్ పేరుతో ఉన్న ఫైల్లో 3ని 2 చేసి, నెట్‌వర్క్‌మేనేజర్‌ని రీస్టార్ట్ చెయ్యండి. 3 అంటే ఆదా ఆన్, 2 అంటే ఆఫ్.

రౌటర్‌కి చిన్న డీసీ యూపీఎస్ పెట్టడం వీటన్నిటికన్నా గుణమిచ్చే ఖర్చు. ఇళ్ళలో ఉండే ఇన్వర్టర్ మారే ఆ అర సెకనులో కూడా కొన్ని రౌటర్లు ఆరిపోతాయి, ఈ డబ్బా ఉంటే ఆరవు. కొనేముందు అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి. చాలావాటికి 12 వోల్టులు, కొన్నిటికి 9. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకన్నా ఎక్కువున్నా ఫర్వాలేదు. ఫైబర్ డబ్బా, వైఫై డబ్బా వేరువేరుగా ఉంటే రెండింటికీ కావాలి.

హెచ్‌ఎల్‌ఎస్ స్టేషన్లు, అంటే అడ్రస్‌లో ఎం3యూ8 ఉన్నవి, చిన్న తెగుళ్ళని ఎలాగూ బాగా తట్టుకుంటాయి. ప్రసారాన్ని ఆరు నుంచి పది సెకన్ల ముక్కలుగా కోసి పెడతారు, ప్లేయర్ చివరి నుంచి మూడో ముక్క దగ్గర మొదలుపెడుతుంది. నిలవ దానంతట అదే వస్తుంది. దానికి ఇచ్చే మూల్యం ఆలస్యం: అరనిమిషం దాకా వెనక ఉంటుంది. వార్తల ముందు వచ్చే పిప్ శబ్దంతో గోడ గడియారం సరిచేసుకునే అలవాటున్నవాళ్ళు నెట్ రేడియోని నమ్మొద్దు.

తుఫాను రోజున కూడా నమ్మొద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి. స్తంభాలు పడితే వాటి మీద వేలాడే ఫైబర్ కూడా పోతుంది. సముద్రం వైపు మండలాల్లో ఉన్నవాళ్ళు సెల్లుతో నడిచే చిన్న మీడియం వేవ్ ట్రాన్సిస్టర్‌ని, దానికి కొత్త సెల్లుల్ని ఇంట్లో ఉంచుకోండి. ఊరంతా కరెంటు లేనప్పుడు ఎల్‌ఈడీ బల్బుల గరగర కూడా ఉండదు, విశాఖ కేంద్రం శుభ్రంగా పలుకుతుంది.

కంప్యూటర్ ఆన్ చెయ్యగానే రేడియో రావాలనుకుంటే, లాంచర్లో రాసిన కమాండ్‌నే సిన్నమన్ స్టార్టప్ అప్లికేషన్స్‌లో చేర్చండి. ఇక్కడ టెర్మినల్ టిక్ ఉండదు కాబట్టి, కిటికీ కావాలంటే కమాండ్‌లో రెండు అడ్డగీతలు, ఫోర్స్-విండో=ఎస్ (--force-window=yes) కూడా కలపాలి. పక్కనే డిలే అన్న గడిలో 30 సెకన్లు పెట్టండి. వైఫై కలవడానికీ, వెనకబడ్డ గడియారం సర్దుకోవడానికీ ఆ వ్యవధి కావాలి.